తీపి మానేసిన ఇల్లు

ఫెబా వడ్డిస్తుంటే "చాలు" అన్నవాడు ఇంతవరకూ గెలిచింది లేదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోస్తుంది. కోపం వస్తే ఒక గరిటె ఎక్కువేస్తుంది, ప్రేమ వస్తే రెండు. సింగరాయకొండకు ఇవతల, మిరప చేలకూ పొగాకు మాగబెట్టే బ్యారన్లకూ మధ్యనున్న ఆ ఊళ్ళో, చర్చిలో ఏ విందు జరిగినా పొయ్యి దగ్గర ఆవిడ ఉండి తీరాలి. మిగతా రోజుల్లో మిరపకాయ కోతకో పత్తి తీతకో పొగాకు కట్టడానికో కూలికి పోతుంది. కానీ ఊరు ఆమెను గుర్తుపెట్టుకున్నది మాత్రం గరిటెతోనే.

ఆ గరిటె వెనక ఒక ఆకలి ఉంది. ఫెబా చిన్నతనంలో వాళ్ళింట్లో అన్నం పండగకు కనిపించే వస్తువు. వాళ్ళమ్మ కూలికి వెళ్ళిన ఇంటినుంచి కుండతో గంజి తెచ్చి, అడుగున తేలే మెతుకుల్ని పిల్లల చిప్పల్లో సమానంగా పంచేది. సమానంగా పంచినా ఎవరికీ సరిపోయేవి కావు. పెళ్ళయి కాపురానికి వచ్చిన రోజు జక్రయ్యతో ఫెబా అన్న మొదటి మాట, "మనింట్లో కడుపు నిండకుండా ఎవురూ లెగవకూడదు" అని. జక్రయ్య నవ్వి, సరేనన్నాడు. కొత్త పెళ్ళికొడుకు ఏమంటాడు మరి.

జక్రయ్య బ్యారన్ల దగ్గర పొయ్యిమంట చూసే పని చేసేవాడు. ఆకు మాగేదాకా నిద్ర మానుకుని కాపలా కాచే పని. మాటలు తక్కువ మనిషి. ఆయనకు షుగరు వచ్చిందని ఒంగోలు డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆ సంగతి ఇంట్లో రెండే మాటల్లో చెప్పాడు. "షుగరంట. తీపి తినకూడదంట."

ఇక అక్కడినుంచి చూడాలి ఫెబా యుద్ధం. చక్కెర డబ్బా పక్కింటికి వెళ్ళిపోయింది. బెల్లం అచ్చు వెళ్ళింది. అరటిపండు గుమ్మం తొక్కలేదు. టీ చేదుగా కాచి ఆయనకిచ్చి, తోడుగా తనూ చేదే తాగింది. చివరికి పాస్టరు ఫిలిప్ గారి దగ్గరకు పోయి, ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసం కూడా తీపే కదండీ, ఈయనకు నాలిక తడిపి వదిలెయ్యండని బతిమాలుకుంది. ఫిలిప్ గారు నవ్వాలో మందలించాలో తేలక, సరేనమ్మా చూద్దాంలే అన్నారు. తీపి మానేసిన మనిషి నీరసపడిపోతాడని ఆమె భయం. అందుకని పళ్ళెంలో అన్నం మాత్రం పెంచింది. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం గుట్టగా వేడన్నం, సాయంత్రం చల్లబడ్డాక గంజిలో ఉప్పేసి ఒక చెంబుడు. తీపి తీసేసిన చోటంతా అన్నంతో పూడ్చింది.

షుగరు తగ్గలేదు. పరీక్ష చేయించిన ప్రతిసారీ పెరిగే ఉండేది. పోయిన కోతల్లో ఎవరి చేలోనో నడుస్తుంటే పత్తి మోడు ఒకటి జక్రయ్య బొటనవేలిలో దిగింది. కాలు మొద్దుబారిపోయి ఉండటంతో ఆయనకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక చెప్పు నెత్తురుతో ఎర్రగా ఉంటే ఫెబా చూసింది. ఆ పుండు నెలలు గడుస్తున్నా మానలేదు. ఎప్పటిలా ఒక్కడే ఒంగోలు వెళ్ళొచ్చిన జక్రయ్య ఇంట్లో చెప్పాడు, ఈసారి డాక్టరు ముఖం మీదే అనేశాడట, షుగరు అదుపులోకి రాకపోతే వేలు తీసెయ్యాలి, ఆలస్యమైతే పాదం దాకా పోవచ్చు అని. నెలాఖరుకు మళ్ళీ చూపించుకోవాలి.

ఫెబాకు ఒకటే లెక్క. ఇంట్లో తీపి లేదు, రక్తంలో తీపి ఉంది. అంటే ఈ మనిషి బయట ఎక్కడో దొంగతనంగా తింటున్నాడు. ఆయన నిద్రపోతుంటే నోటి దగ్గర వాసన చూసింది. చొక్కా జేబులు తిరగేసింది. ఒకరోజు నేరుగా అంకమ్మరావు టీ కొట్టుకు వెళ్ళి, బల్ల మీద కూర్చున్న వాళ్ళందరి ముందూ నిలదీసింది.

"మా ఆయనకు ఏం బెడతన్నావయ్యా? మైసూరుపాకా, జిలేబీనా? ఆ కాలు చూసి కూడా నీకెట్టా చేతులొస్తన్నయ్యి?"

అంకమ్మరావు బిత్తరపోయాడు. "నేనేం బెట్టానక్కా. బావ ఒట్టి టీ తాగి పోతాడు. అదిగో, ఆయన్నే అడుగు."

జక్రయ్య అక్కడే ఉన్నాడు. తల వంచుకున్నాడు. "తిన్నావా లేదా, నిజం చెప్పు" అని ఫెబా అరిస్తే, అవునని అనలేదు, కాదని అనలేదు. కర్ర అందుకుని కుంటుకుంటూ ఇంటిదారి పట్టాడు. ఆ మౌనం చూశాక ఫెబాకు ఇంక అనుమానమే లేకపోయింది. మొగుడు దొంగ అని తేల్చేసుకుని, ఆ బాధతోనే ఆ మధ్యాహ్నం ఆయనకు ఇంకాస్త ఎక్కువ అన్నం పెట్టింది. బయట అడ్డమైనవీ తినకుండా కడుపు ఇంట్లోనే నిండాలని.

కోత పండగ ఆదివారం వచ్చింది. చర్చికి అందరూ తమ పొలంలో పండినవి, తోటలో కాసినవి తెచ్చి కానుకలు పెట్టే రోజు. విందుకు ఫెబా లెక్కప్రకారమే ఎసరు పెట్టింది గానీ, ఆరాధన మధ్యలో వాన పట్టుకుంది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు తడిసిపోతాయని జనం సగానికి సగం పట్టాలు కప్పడానికి పరుగెత్తారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. గంపల కొద్దీ తెల్లటి అన్నం ఆవిరి కక్కుతూ అలాగే మిగిలిపోయింది.

ఆ ఊళ్ళో మిగిలిన అన్నాన్ని కాలవలో పారబోసే అలవాటు లేదు. పారబోసిన చెయ్యి అన్నానికి మొహం వాస్తుందంటారు. పశువుకు పెడతారు. ఫెబాకు ఒక గేదె ఉంది, నుదుట తెల్లమచ్చ ఉందని బొల్లి అంటుంది. చూలుతో ఉంది. రోజూ ఎండుగడ్డీ, చొప్పా, ఎవరైనా పెడితే ఇంత తవుడూ తిని బతికే గేదె. పాపం కడుపుతో ఉన్నది, ఒక్కపూటైనా మనుషులు తినేది తింటుందని ఫెబాకు మహా సంతోషం వేసింది. రెండు గంపల అన్నం తొట్టిలో బోర్లించి, గంజి కలిపి, ఉప్పు జల్లి పెట్టింది. బొల్లి తొట్టి అడుగు నాకేదాకా తల ఎత్తలేదు. ఫెబా పక్కనే నిలబడి దాని మెడ నిమిరింది.

తెల్లారేసరికి బొల్లి పడిపోయి ఉంది.

పొట్ట ఎడమ పక్క ఉబ్బి రాయిలా అయింది. కళ్ళు లోపలికి పోయాయి. పళ్ళు పటపట కొరుకుతోంది, నెమరు లేదు, కిందంతా పుల్లటి కంపు కొడుతూ నీళ్ళలాంటి పేడ. జక్రయ్య ఆ కాలితోనే రోడ్డు దాకా పోయి, పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయించాడు. డాక్టరు హారిక, ఆమెకు సాయం చేసే మాలిక్ బండి మీద వచ్చారు. హారిక చిన్న వయసు పిల్ల. చేతికి తొడుగు వేసుకుంటూనే అడిగింది.

"నిన్న ఏం తిన్నదమ్మా?"

"అన్నం" అంది ఫెబా. "మంచి అన్నమేనమ్మా. పండగ అన్నం. పాసిపోయింది కూడా కాదు."

"ఎంత?"

ఫెబా గంపలు చూపించింది. హారిక వెంటనే మాలిక్‌ను వంటసోడా నీళ్ళలో కలపమంది. నోట్లోంచి పొట్టలోకి గొట్టం వేసి ఆ నీళ్ళు పట్టించారు. మెడ దగ్గర నరానికి సెలైన్ పెట్టారు. సీసా పట్టుకోవడానికి ఫెబాను నిలబెట్టారు.

"బతుకుద్దా?" అని అడిగింది ఫెబా.

"మధ్యాహ్నం దాకా చూడాలి. అన్నమే దీన్ని ఇంతకు తెచ్చింది. ఇంకెప్పుడూ ఇంత పెట్టకండి."

ఫెబాకు ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. విషం కలిసిందన్నా నమ్మేది, పాము కరిచిందన్నా నమ్మేది. అన్నమట. తన జీవితమంతా దేనికోసం వెంపర్లాడిందో, దేన్ని పదిమందికీ పెట్టి పుణ్యం అనుకుందో, అదట. ఆమెకు కోపం కూడా వచ్చింది.

"ఏంది తల్లీ నువ్వు జెప్పేది. గడ్డి తిని బతికేదానికి అన్నం తింటే చావొచ్చుద్దా? గడ్డి కంటే అన్నం గొప్పది గాదా?"

సెలైన్ చుక్కలు నిదానంగా పడుతున్నాయి. హారికకు వేరే పనేమీ లేదు, పైగా చెప్పడమంటే ఇష్టమున్న పిల్లలా ఉంది. తిరగేసిన గంప మీద కూర్చుంది.

"గొప్పా తక్కువా కాదమ్మా. రెండూ ఒకటే."

"ఏం ఒకటి?"

"గడ్డీ అన్నమూ. రెండిట్లో ఉన్నదీ ఒకటే సరుకు. గ్లూకోజ్. ఇదిగో, నువ్వు పట్టుకున్నావే, ఈ సీసాలో కూడా కొంచెం అదే ఉంది. అదొక రకం చక్కెర."

ఫెబా సీసా వంక చూసింది. తర్వాత వాకిట్లో ఉన్న గడ్డివాము వంక చూసింది. ఈ పిల్లకు మతి సరిగానే ఉందా అన్నట్టు మాలిక్ వంక కూడా చూసింది. మాలిక్ అవునని తలూపాడు.

"ఎప్పుడన్నా చక్కెర మూకుట్లో మాడబెట్టావా?" హారిక అడిగింది.

"మాడకేం. పాకం పడతా పడతా మర్చిపోతే నల్లంగా బొగ్గైపోద్ది."

"మూత పెడితే?"

"మూతకి నీళ్ళు పట్టుద్ది."

"అదే. చక్కెరంటే అదేనమ్మా. బొగ్గులో ఉండే కార్బన్, నీళ్ళలో ఉండే రెండు సరుకులు. మొక్క గాల్లోంచి కార్బన్ తీసుకుని, వేళ్ళతో నీళ్ళు పీల్చి, ఎండ సాయంతో ఆ మూడిట్నీ కలిపి ఒక చిన్న ఉంగరంలా చుట్టుద్ది. ఆ ఉంగరమే గ్లూకోజ్. దాన్ని ఇంకో రకం ఉంగరంతో జత చేస్తే నువ్వు టీలో వేసుకునే చక్కెర. గ్లూకోజ్‌నే వందలు వేలు వరసగా గుచ్చితే బియ్యంలో ఉండే పిండి. అవే ఉంగరాలు ఇంకో తీరుగా గుచ్చితే గడ్డి. ఆ గుచ్చడంలోనే ఉంది తేడా అంతా."

"ఎట్టా తేడా?"

హారిక వెతుక్కుంది. "బియ్యంలో అన్ని ఉంగరాలూ ఒకే వైపు తిరిగి ఉంటయ్. గడ్డిలో ఒకటి ఇటు, దాని పక్కది తలకిందులుగా అటు, మళ్ళీ ఇటు."

"బ్యారన్ కాడ కర్రకి ఆకు కట్టినట్టా? ఒక కట్ట ఇటు, ఒక కట్ట అటు?"

"సరిగ్గా అట్టాగే. అట్టా ఇటూ అటూ ఉండబట్టి ఆ గొలుసు తిన్నగా సాగుద్ది. పక్క పక్క గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిపడతయ్. విప్పడం మన పొట్ట వల్ల కాదు. బియ్యం గొలుసేమో మెలికలు తిరిగి వదులుగా ఉంటది, ఇట్టే విడిపోద్ది. బొల్లి పొట్టలో కంటికి కనపడని పురుగులు కోట్ల కొద్దీ ఉంటయ్. అవి గడ్డి గొలుసుని రోజంతా నిదానంగా విప్పి దీనికి తిండి పెడతయ్. నిన్న నువ్వు రెండు గంపలు వదులు గొలుసులు పోశావు. అన్నీ ఒక్కసారే తెగిపడినయ్. ఇంకో రకం పురుగులు ఆ చక్కెరంతా తిని పులవబెట్టినయ్. పొట్టంతా పులుపెక్కింది. అంతేనమ్మా జరిగింది."

ఫెబా సీసా చెయ్యి మార్చుకుంది. మాలిక్ ఆమె పాత నేత చీర వైపు చూపించి నవ్వాడు. "పత్తి కూడా గడ్డి లెక్కేనత్తా. నువ్వు కట్టుకున్న చీర మొత్తం చక్కెరే."

ఆమె కొంగు పట్టుకుని చూసుకుంది. ఇన్నేళ్ళు వంగి వంగి ఏరిన పత్తి, జక్రయ్య కాల్లో దిగిన మోడు, నెత్తిన మోసిన గడ్డి, పొయ్యిలో కట్టె, గంగాళంలో అన్నం. అన్నీ ఒకే సరుకంటే లోకమంతా ఎవరో తన కళ్ళముందే తిరగేసి పెట్టినట్టు ఆమెకు బెదురుపుట్టింది. అయినా ఓడిపోవడం ఆమె రక్తంలో లేదు.

"మరి తియ్యంగా ఎందుకుండదమ్మా అన్నం? చక్కెరైతే తియ్యంగా ఉండాల గదా."

"గొలుసు పొడుగ్గా ఉన్నంతసేపూ నాలిక్కి తెలీదు. తెగితే తెలుస్తుంది. కావాలంటే ఒక ముద్ద నోట్లో పెట్టుకో. మింగబాక. ఊరికే నములుతా ఉండు."

మాలిక్ సీసా అందుకున్నాడు. ఫెబా లోపలికి పోయి, పొద్దున జక్రయ్య కోసం వండిన అన్నం చిటికెడు నోట్లో వేసుకుని వచ్చింది. నమిలింది. ఆమెకు నమలడం అలవాటు లేదు. ఆకలితో పెరిగినవాళ్ళు మింగుతారు, పక్కవాడి చెయ్యి పడకముందే. ఇప్పుడు నమిలింది, ఉమ్మి ఊరేదాకా, ముద్ద నీళ్ళయ్యేదాకా. మొదట చప్పగా ఉంది. తర్వాత నాలిక అంచున ఏదో తగిలింది. కూరా నారా ఏమీ లేని ఒట్టి అన్నం, నోట్లోనే తియ్యబడటం మొదలుపెట్టింది. పలచటి తీపి, కానీ తీపే. అబద్ధం కాదు.

ఆ తీపి తెలిసిన మరుక్షణం ఆమెకు బొల్లి గుర్తు లేదు. నోట్లోది మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయింది. చివరికి మింగి అడిగింది.

"షుగరు జబ్బు మనుషులు తింటే?"

"అన్నమా?" హారిక గేదె డొక్క నొక్కి చూస్తూ మామూలుగా చెప్పింది. "లోపలికెళ్ళి షుగరే అవుద్ది. అందుకేగా అన్నం బాగా తగ్గించి కూరలు ఎక్కువ తినమంటారు. మొత్తానికి మానెయ్యక్కర్లేదు, కొలిచి తినాలి. మీ ఇంట్లో ఎవరికన్నా ఉందా?"

ఫెబా మాలిక్ చేతిలోంచి సీసా తీసుకుంది.

మధ్యాహ్నానికి బొల్లి తల ఎత్తింది. కాసేపటికి ముందుకాళ్ళు కూడదీసుకుని లేచింది, తూలింది, నిలబడింది. కడుపులో దూడ కూడా కదులుతున్నట్టే ఉందని, ఇక భయం లేదని, ఒట్టి ఎండుగడ్డి కొంచెం కొంచెంగా వెయ్యమని చెప్పి హారిక బండెక్కింది. ఇంకో రోజైతే ఫెబా వాళ్ళను అన్నం తినకుండా కదలనిచ్చేది కాదు. ఈరోజు తినమని అడగలేదు.

ఇంట్లో జక్రయ్య కాలు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బొటనవేలి కట్టు మీద చెమ్మ కనపడుతోంది. అలవాటు ప్రకారం ముందు పళ్ళెం పెట్టుకుని ఉన్నాడు. ఫెబా అన్నం గిన్నె పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడింది.

"నేనే నీకు పెట్టా" అంది. "జిలేబీ గాదు, మైసూరుపాకు గాదు. పొద్దునా మజ్జానం నేనే కుమ్మరించా. అన్నం చక్కెరంటయ్యా. ఆ పిల్ల జెప్పింది. నమిలి చూశా. తియ్యంగా ఉంది." ఆమె చూపు కట్టు మీదకు పోయింది. "నీ కాలు తీసేది నేనేనయ్యా."

జక్రయ్య కాసేపు పళ్ళెం అంచు వేలితో తుడిచాడు.

"నాకు తెలుసులే" అన్నాడు.

"ఏం దెలుసు?"

"అన్నం తగ్గించమని. డాక్టరు మొదటిరోజే జెప్పాడు. తీపితో పాటు అదీ జెప్పాడు. పోయినప్పుడల్లా అదే జెప్తన్నాడు."

ఫెబా చేతిలోని గిన్నె నేల మీద పెట్టేసింది. టీ కొట్టు దగ్గర అందరి ముందూ దొంగను చేసినప్పుడు వంచిన తల, కుంటుకుంటూ నడిచిన నడక ఆమె కళ్ళ ముందుకు వచ్చాయి. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఈ మనిషి ఇన్నేళ్ళు మింగి కూర్చున్నాడు.

"మరి జెప్పలేదేందయ్యా నాకు?"

"ఒకసారి చెప్పబోయా. నీకు గుర్తుండదు. ఒంగోలు నుంచొచ్చిన రోజు, పళ్ళెం పక్కకి జరిపి చాలన్నా. నువ్వు ఏమీ అనలా. ఆ పూట నువ్వూ తినలా. గోడ వైపు తిరిగి పడుకుని ఏడిశావు, మీ అమ్మ గంజి కుండ సంగతి చెప్పుకుంటా." ఆయన కాలు దగ్గరకు లాక్కున్నాడు. "నీ చేత్తో పెట్టేది వొద్దనేదానికి నాకు నోరు రాలేదే. వేలేగదా, పోతే పోయిందిలే అనుకున్నా."

ఫెబాకు ఏడుపు కూడా రాలేదు. గరిటె తీసి అన్నంలో గుచ్చింది. ఒక గరిటె వేసింది. చెయ్యి దానంతట అదే రెండో గరిటెకు వెళ్ళింది. జక్రయ్య అరచెయ్యి పళ్ళెం మీద అడ్డం పెట్టాడు.

"చాలు" అన్నాడు.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. మెతుకులు కొన్ని ఆయన వేళ్ళ మీద రాలాయి. ఫెబా గరిటెను తిరిగి గిన్నెలో పెట్టేసింది. జక్రయ్య ఆ ఒక్క గరిటె అన్నంలో కూర కలుపుకుని నిదానంగా తినడం మొదలుపెట్టాడు. వాకిట్లో బొల్లి ఎండుగడ్డి నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఫెబా గిన్నెలో మిగిలిన అన్నం వంక చూస్తూ కూర్చుంది. ఎవరికి పెట్టాలో ఆమెకు తెలియలేదు.